చేపలకి ఆదివారం సెలవు

అందరూ గడియారం వదిన అని పిలిచే ఆవిడ చేతి గడియారం మణికట్టుకి లోపలివైపు ఉంటుంది. గరిటె తిప్పుతూనే టైము చూసుకోవడానికి వీలుగా అలా పెట్టుకోవడం ఆమెకి హాస్టల్ వంటింట్లో అలవాటైంది. అక్కడ చాలా ఏళ్ళు వంటింటి పెత్తనమంతా ఆమెదే. గంట కొట్టకముందు ఒక్క మెతుకు బయటికి వచ్చేది కాదు, గంట కొట్టాక ఒక్క కంచం ఖాళీగా ఉండేది కాదు. ఒకసారి వార్డెనే గుమ్మం పట్టుకుని నిలబడి, "ఒక్క రొట్టె ముక్క ఉంటే చూడమ్మా" అని నసిగితే, "టైము కాలేదు సార్. మీరే ఇలా వస్తే పిల్లలకి నేనేం చెప్పను?" అని పంపేసింది. ఆయన తర్వాత తన గదిలో తలుపేసుకుని బిస్కెట్లు తిన్నాడని వినికిడి. తిన్నది సరే, తలుపెందుకు వేసుకున్నట్టు? అదీ వదిన అంటే.

హాస్టల్ మూతపడ్డాక ఆమె గడియారంతో సహా ఇంటికి వచ్చి కూర్చుంది. ఆ ఇంట్లో టైము అనేదే లేదు. భర్త మోటార్లు బాగుచేసే మనిషి. మోటార్లు చేసే చప్పుడు చాలని కాబోలు, తను మాత్రం నోరు విప్పడు. మామగారు బతుకంతా బస్సు కండక్టరుగా చేసి రిటైరై, వచ్చిన సొమ్ముతో ఇంటి వెనకున్న చేపల చెరువు కొన్నారు. ఉద్యోగం వదిలిందిగానీ ఉద్యోగపు విజిల్, భుజాన వేసుకునే తోలు సంచీ ఆయన్ని వదల్లేదు.

వెనక తలుపు తీస్తే గట్టు, గట్టు దిగితే సిమెంటు మెట్లు, మెట్ల కింద నీళ్ళు. మామగారు మెట్ల మీద నిలబడి విజిల్ వేస్తే చాలు, నీళ్ళు ఉడికినట్టు కదిలి నోళ్ళు తెరుచుకుని చేపలు గుంపులుగా పైకి తేలేవి. ఆయన సంచీలో చెయ్యిపెట్టి మేత గుళికలు గుప్పెళ్ళతో చల్లేవారు. "తోసుకోకండి, తోసుకోకండి. అందరికీ ఉంది. ఏయ్ లావుపాటాయనా, కాస్త వెనక్కి జరుగు."

ఇంటికి ఎవరొచ్చినా ముందు చేపల్ని చూడాల్సిందే. చుట్టాలు, కరెంటు మీటరు చూసే అతను, అడ్రసు తప్పి వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే, "మా ప్యాసింజర్లని చూద్దురుగాని రండి" అని చెయ్యిపట్టుకుని లాక్కెళ్ళేవారు. ఇంటికి ఎన్నిసార్లు మనుషులొస్తే చేపలు అన్నిసార్లు తినేవి. ఎవరూ రాని రోజున, పాపం ఇవాళ ఎవరూ రాలేదని ఇంకో రెండు గుప్పెళ్ళు ఎక్కువ తినేవి.

ఇన్ని తింటే పెరగాలి కదా. పెరిగాయి, కాకపోతే మెట్ల దగ్గర కాపురం పెట్టినవి మాత్రమే. అవి గుమ్మడికాయల్లా తయారయ్యాయి. వాటిని తోసుకుని ముందుకు రాలేనివి చెరువు అవతలి మూల వేలెడంత మిగిలిపోయాయి. తినగా మిగిలిన మేత అడుగుకి దిగి కుళ్ళి, నీళ్ళు పచ్చబడి, సాయంత్రమైతే వెనక కిటికీలు మూసుకోవాల్సి వచ్చేది. చేపలు పట్టిన రోజున బేరగాడు తట్టలో చెయ్యిపెట్టి కలిపి చూసి, "ఏం పెద్దాయనా, తాతలూ మనవళ్ళూ అంతా ఒకే ఇంట్లో ఉంటారా?" అన్నాడు.

"అన్నీ ఒక్కరోజున వేసిన పిల్లలేనయ్యా" అన్నారు మామగారు.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. వల లాగేవాళ్ళు తాడు వదిలేసి మరీ నవ్వారు. మేతకి పెట్టినదంతా పోగా ఆ పంటకి ఇంటికి మిగిలినవి ఖాళీ సంచులు.

ఆ నవ్వు గట్టు దిగకముందే పక్క చెరువు ఆసామి వచ్చి కూర్చున్నాడు. ఆయన్ని అందరూ బారెడు బాబాయి అంటారు. ఎప్పుడో తన చెరువులో పడ్డ చేప ఎంతుండేదో చేతులు చాచి చూపించడం ఆయనకి అలవాటు. ఏడాదికేడాది చేతుల మధ్య దూరం పెరుగుతోందని గిట్టనివాళ్ళు అంటారు.

"ఎందుకన్నయ్యా ఈ వయసులో తంటా? చెరువు నాకు కౌలుకిచ్చెయ్. నీ మెట్లు నీకే ఉంటాయి, కూర్చుని చూసుకో" అన్నాడు.

మామగారు తల వంచుకుని విజిల్ తాడు వేలికి చుట్టుకుంటున్నారు. అది ఒప్పుకోవడమేనని ఇంట్లో అందరికీ తెలుసు. వదిన టీ కప్పులు బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది.

"ఒక్క పంట నాకు వదలండి మామయ్యా."

"నీకా?" బారెడు బాబాయి టీ ఊదుకోవడం ఆపాడు. "హాస్టల్ పిల్లలు కాదమ్మాయ్, చేపలు. వాటికీ గంట కొడతావా?"

"కొడతాను బాబాయిగారూ."

"గంట కొడితే వచ్చి కంచాల ముందు కూర్చుంటాయా?"

"విజిల్ వేస్తే వస్తున్నాయిగా. గంటకేం తక్కువ?"

మామగారు తలెత్తి కోడలి వంక చూశారు. ఈసారి పంట కూడా ఇలాగే పోతే చెరువు బాబాయికే, మళ్ళీ మాట్లాడేది లేదు, అని తీర్మానమైంది. ఆ తీర్మానం చేసింది బాబాయే. వదిన సరేనంది.

వదిన ఇదంతా గాల్లోంచి తీసి అనలేదు. అంతకుముందు స్కూలు హాల్లో చేపల పెంపకం మీద క్లాసు జరిగింది. చెప్పడానికి వచ్చిన ఆఫీసరమ్మ చిన్నపిల్ల. వినడానికి వచ్చినవాళ్ళలో సగం మంది టీ తాగగానే లేచిపోయారు. మిగతా సగం ఫ్యాను కింద కునుకు తీశారు. వదిన ముందు వరసలో కూర్చుని చివరిదాకా వింది. విన్నది ఆమెకి కొత్తగా అనిపించలేదు. తన వంటింటి సంగతే ఎవరో నీళ్ళలో పెట్టి చెబుతున్నట్టుంది. పెట్టినప్పుడల్లా చేప తింటుంది, కానీ తిన్నదంతా ఒంటికి పట్టదు. నీళ్ళు కాస్త వేడెక్కితేగానీ దానికి అరుగుదల ఉండదు. తెల్లారేసరికి నీళ్ళలో గాలి తక్కువగా ఉంటుంది, అప్పుడు తిండి పెడితే మేలు చేయబోయి కీడు చేసినట్టే. మబ్బు పట్టిన రోజు తగ్గించాలి, లేదా మానేయాలి. కడుపు పగిలేదాకా కాకుండా, ఇంకొంచెం ఉంటే బాగుండునన్నప్పుడు ఆపేయాలి. వారానికో రోజు ఖాళీ పెట్టినా పోయేదేం లేదు.

కొత్త పిల్లల్ని చెరువులో వదిలిన రోజునే వదిన మేత గదికి తాళం వేసింది. ఎండెక్కాక ఒకసారి, పొద్దు వాలకముందు ఒకసారి, అంతే. ఆదివారం సెలవు.

మొదటి ఆదివారం మామగారు కంచం తోసేశారు. "చేపలకి లేని తిండి నాకెందుకు?"

"సరే మామయ్యా. ఆదివారం మీకూ వాటికీ ఒకటే టైంటేబుల్" అని ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది. బతిమాలుతుందనుకున్న పెద్దాయన కాసేపు మూత వంకే చూశారు. మధ్యాహ్నానికి అటక మీది అరటిపళ్ళ గెలలో ఒక హస్తం మాయమైంది. తొక్కలు పెరట్లో కనిపించాయి. వదిన వాటిని తీసి పారేసింది, అడగలేదు.

తర్వాత వారమంతా ఆయన నిరసనగా మౌనం పాటించారు. ఎప్పుడూ మాట్లాడని కొడుకు, మాట్లాడటం మానేసిన తండ్రి ఎదురెదురుగా కూర్చుని తింటుంటే వదినకి ఇంట్లో రేడియో పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత మొదలైంది పిల్లుల సంగతి. మామగారు టీ కొట్టుకి వెళ్తుంటే వెనక ఒక పిల్లి. మర్నాడు మూడు. వారం తిరిగేసరికి వీధిలో ఉన్న పిల్లులన్నీ తోకలు నిక్కబొడుచుకుని వరసలో ఆయన వెనక నడుస్తున్నాయి. ఆయన ఆగితే ఆగుతాయి, కదిలితే కదులుతాయి. టీ కొట్టతను గ్లాసు కడుగుతూ, "మామయ్యా, ఈ బస్సు ఎటు పోతోంది?" అన్నాడు. కొట్టు దగ్గరున్నవాళ్ళంతా పక్కకి తిరిగి దగ్గారు.

సాయంత్రం వదిన చెయ్యి చాచింది. "ఆ సంచీ ఇవ్వండి మామయ్యా, కడిగి పెడతాను."

"తోలు సంచీ ఎవరైనా కడుగుతారా?"

"పిల్లులు నాకుతున్నాయిగా. వాటికంటే నేను శుభ్రంగా చేస్తాను."

సంచీ అడుగున మేత గుళికలు. ఎండు చేపల పొడి కలిసిన మేత, దాని వాసన ఎక్కడికి పోతుంది? మేత గదికి తాళం వేసినా, తలుపు కింద సందులోంచి చీపురుపుల్లతో లాక్కుని, దొంగచాటుగా చెరువులో చల్లుతున్నారట. ఈ వయసులో గచ్చు మీద పొట్ట ఆనించి పడుకుని ఆ పని ఎలా చేశారో తల్చుకుంటే వదినకి కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి మొహం ఇంకా కటువుగా పెట్టింది.

"నన్ను చూసి నోరు తెరుస్తాయమ్మాయ్" అన్నారు ఆయన. గొంతులో తగ్గడం లేదు. "ఆకలి లేకపోతే ఎందుకు తెరుస్తాయి? నువ్వు వందమందికి వండావు, నోరు తెరిచినవాడికి పెట్టకుండా ఉండటం నేను నేర్చుకోలేను."

"రండి చూపిస్తాను."

అప్పుడే సాయంత్రపు మేత వేసి ఆమె ఇంకా చేతులు కడుక్కోలేదు. తినగా మిగిలిన గుళికలు నీళ్ళమీద తేలుతూనే ఉన్నాయి, చేపలు పట్టించుకోకుండా లోపలికి వెళ్ళిపోయాయి. "ఇప్పుడు విజిల్ వేయండి" అంది.

ఆయన వేశారు. నీళ్ళు కదిలాయి. నోళ్ళు తెరుచుకుని అన్నీ మెట్ల దగ్గరికి వచ్చాయి. ముక్కు ముందే గుళికలు తేలుతున్నా ఒక్కటీ ముట్టలేదు. ఊరికే నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

"చూశారా? ఇది ఆకలి కాదు, అలవాటు" అంది వదిన.

మామగారి మొహం మెల్లగా వెలిగింది. "అంటే తిండి కోసం కాదన్నమాట. నాకోసం వస్తున్నాయి."

ఆమె నిరూపించదలచుకున్నది అది కాదు. కానీ ఆ మొహం చూశాక కాదనడానికి నోరు రాలేదు. "మీకోసమే. మరి లంచం ఎందుకు?" అంది. ఆయన ఆలోచనలో పడటం చూసి ఇంకో మాట వేసింది. "మామయ్యా, మొదటి స్టాపులోనే బండి నింపేసి రైట్ రైట్ అంటే, తర్వాతి స్టాపుల్లో నిలబడ్డవాళ్ళ గతేంటి?"

"అలా ఏ కండక్టరు అంటాడు?"

"మీరే. రోజూ. ఈ మెట్ల దగ్గర."

ఆయన అవతలి మూలకి చూశారు. అక్కడ నీళ్ళలో సన్నగా మెరిసే చిన్నచేపలు, ఇటు రాలేక అక్కడే తిరుగుతున్నవి. చాలాసేపు చూశారు. లోపలికి పోయి నాలుగు వెదురుకర్రలు తెచ్చి గట్టు చుట్టూ తనే పాతారు. మెట్లు ఒక స్టాపు, మోటారు గది ఒకటి, వంగిన చెట్టు ఒకటి, తూము దగ్గర ఆఖరిది. "విజిల్ నాది. టైము నీది. నా విజిల్ ఎప్పుడు వేయాలో ఎవరూ చెప్పకూడదు, మేత వేసే టైములో తప్ప" అన్నారు. ఒప్పందం కుదిరింది. రోజుకి రెండు ట్రిప్పులు, ప్రతి స్టాపులోనూ కొంచెం కొంచెం, ఆఖరి స్టాపులో చారెడు ఎక్కువ.

అంతా సాఫీగా పోతోందనుకుంటుండగా మబ్బు పట్టింది. ఒకరోజు కాదు, వదలకుండా పట్టింది. వదిన మేత ఆపేసింది. మూడో రోజు పొద్దున లేచేసరికి చెరువు నిండా నోళ్ళే. విజిల్ లేకుండానే చేపలన్నీ పైకి తేలి గుటకలు వేస్తున్నాయి.

గట్టు మీద వీధి వీధంతా చేరింది. "నోరులేని జీవాల్ని మాడ్చి చంపుతోంది" అని ఎవరో అన్నారు. అన్ని నోళ్ళు ఎదురుగా తెరుచుకుని ఉండగా ఆ మాట ఎలా అనబుద్ధేసిందో. బారెడు బాబాయి తన చెరువులో మేత చల్లి, ఆ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "పంతానికి పోయి పంట పోగొట్టుకోకమ్మాయ్. గది తాళం తియ్."

వదిన మేత గది ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎప్పుడూ నోరువిప్పని భర్త కూడా దగ్గరికి వచ్చి, "ఒక్క గుప్పెడు వేస్తే ఏం పోతుంది?" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన అన్న పొడుగాటి వాక్యాల్లో అదొకటి.

ఆమె గట్టిగా జవాబు చెబుదామని లేచింది. చేతుల కుర్చీ నడుముకి బిగుసుకుని ఆమెతోపాటే లేచింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరైతే కూర్చుండిపోయేవారు. వదిన కుర్చీతో సహా నిలబడే చెప్పింది. "అవి అడుగుతున్నది తిండి కాదు, గాలి. ఊపిరాడనివాడి నోట్లో అన్నం ముద్ద పెడతారా ఎవరైనా? మీరు పోయి మోటార్లు వేయండి, నీళ్ళు చిలకనివ్వండి. తాళం మాత్రం తీయను. నవ్వేవాళ్ళు నవ్వండి, నవ్వు అయ్యాక ఈ కుర్చీ కాస్త లాగండి."

భర్త కుర్చీ లాగి, మోటార్లు వేశాడు. నీళ్ళు చిలికి నురగలెగిరాయి. మధ్యాహ్నానికి నోళ్ళు కొన్ని తగ్గాయి. కొన్ని చేపలు చచ్చి వెల్లకిలా తేలాయి. వదిన వాటిని తనే ఏరి గట్టు వెనక పాతిపెట్టింది.

కథల్లో అయితే అదే రోజు బాబాయి చెరువులో చేపలన్నీ చచ్చి తేలిపోవాలి. ఆయన చెరువుకి ఏమీ కాలేదు. మేత తిన్న ఆయన చేపలు హాయిగా ఉన్నాయి, ఆ సంగతి ఆయన వీధంతా తిరిగి చెప్పాడు. ఆ సాయంత్రం వదిన వెనక కిటికీ దగ్గర నిలబడి చెరువు వంక చూస్తూ, తాళంచెవిని పిడికిట్లో నలిపింది. తర్వాత వంటింట్లోకి పోయి దాన్ని బియ్యం డబ్బాలో అడుగుదాకా దూర్చేసింది. ఎవరికీ దొరక్కుండా కాదు, తనకే అందకుండా.

మర్నాడు ఎండ వచ్చింది. మేత టైమయింది. మామగారు విజిల్ పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి కోడలు మోచేతులదాకా బియ్యంలో ఉంది.

"ఏం వెతుకుతున్నావు?"

"రాళ్ళు."

"అంత అడుగునా?"

ఆమె చెయ్యి ఇంకా లోతుకి పోనిచ్చింది. ఆయనకి అర్థమైంది. విజిల్ జేబులో పెట్టుకుని, డబ్బా ఒకవైపుకి వంచి పట్టుకున్నారు, ఆమె చెయ్యి అందేలా. ఆ తర్వాత ఆయన సంచీలోంచి ఒక్క గుళిక కూడా టైము కానప్పుడు చెరువులో పడలేదు. పిల్లులు మాత్రం చాలాకాలం ఆశ వదులుకోలేదు.

చేపలు పట్టే రోజు ఆదివారమే వచ్చింది. బేరగాడు ఐసు పెట్టెలతో లారీ తెచ్చి గట్టు మీద ఆపాడు. బారెడు బాబాయి కౌలు కాగితం జేబులో పెట్టుకుని, చొక్కాలోంచి కనిపించేలా మడిచి మరీ వచ్చాడు.

మొదటి వల లాగారు. బేరగాడు తట్టలో చెయ్యిపెట్టి కలిపాడు. మళ్ళీ కలిపాడు. ఇంకో తట్ట దించమన్నాడు. ఏ తట్ట చూసినా ఒక అచ్చులో పోసినట్టు ఉన్నాయి. గుమ్మడికాయ ఒక్కటీ లేదు, వేలెడంతది ఒక్కటీ లేదు.

"మా చెరువులో ఇంతది పడింది ఈసారి" అని బాబాయి చేతులు చాచాడు.

"ఎన్ని?" అన్నాడు బేరగాడు.

"ఒకటి."

అయితే చేపలు సగంపైన తూము దగ్గర లోతులోకి పోయి దాక్కున్నాయి. వలకి అందట్లేదు. వల మేస్త్రి చెమట తుడుచుకుంటూ మామగారి దగ్గరికి వచ్చాడు. "పెద్దాయనా, మీ విజిల్ సంగతి విన్నాంలెండి. ఒక్కసారి వేయండి, అన్నీ మెట్ల దగ్గరికి వస్తాయి. ఒక్క లాగుడుతో పని అయిపోతుంది."

"వేయను."

"అదేంటి?"

"నా విజిల్ నమ్ముకుని వస్తాయయ్యా అవి. పిలిచి పట్టించమంటావా? పట్టుకుంటే మీ వలతో పట్టుకోండి, అది మీ పని. ఇది నా పని కాదు."

బేరగాడు ఐసు కరిగిపోతోందన్నాడు. ఇంకో రెండు మూడు లాగుళ్ళంటే మధ్యాహ్నం దాటుతుంది, లారీ ఆగదన్నాడు. లారీ వెళ్ళిపోతే చేతికొచ్చిన పంట గట్టు మీద ఆగిపోతుంది, చెరువు బాబాయి జేబులోని కాగితంలోకి వెళ్ళిపోతుంది. మేస్త్రి వదిన వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి వదినా."

వదిన మణికట్టు తిప్పి టైము చూసింది. మామగారు ఆమెనే చూస్తున్నారు. విజిల్ని పిడికిట్లో బిగించి, అది ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు నిలబడ్డారు.

"టైము నాది, విజిల్ ఆయనది. ముందే అనుకున్నాం" అంది. "వల లాగండి."

"అంత పంతమైతే ఎలా అమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"ఇంతవరకూ పంతంతోనే పెంచాను బాబాయిగారూ. ఇప్పుడు ఆఖర్లో మానేస్తే బాగుండదు." చీర కుచ్చిళ్ళు దోపుకుని, గడియారం విప్పి మామగారి సంచీలో పడేసి, ఆమె నీళ్ళలోకి దిగి తాడు పట్టుకుంది. భర్త ఒక్క మాట లేకుండా పక్కన దిగాడు. మేస్త్రి తల పట్టుకుని మనుషుల్ని కేకేశాడు.

మధ్యాహ్నం దాటింది. లారీ కదల్లేదు. బేరగాడు రెండుసార్లు డ్రైవరుని పిలిచి, రెండుసార్లు తనే ఆపాడు. మిగతా చెరువుల దగ్గర చేపల్ని సైజులవారీగా ఏరి వేరు చేయడానికే సగం పూట పడుతుంది. ఇక్కడ ఏరడమనేదే లేదు, తట్టలు తిన్నగా పెట్టెల్లోకే. లాగుళ్ళలో పోయిన టైమంతా అక్కడ కలిసొచ్చింది. ఇలాంటి సరుకు వదిలి వెళ్ళేంత తెలివితక్కువవాడు కాడు ఆయన. లెక్క చూసి మంచి ధరే ఇచ్చాడు. పైగా మేత గదిలో విప్పని మేత మూటలు ఇంకా ఉన్నాయి. పోయిన పంటకి అదే గదిలో ఖాళీ సంచులు తప్ప ఏమీ లేవు. వదిన భర్త తలుపు తీసి ఆ మూటల్ని చూసి, "మిగిలాయే" అన్నాడు. ఆయన నోట్లోంచి ఆ మాట పండగలాంటిది.

లారీ వెళ్ళిపోయాక బారెడు బాబాయి ఇంకా గట్టు మీదే ఉన్నాడు. కాగితం జేబులోంచి తీయాలో లోపలికి నెట్టాలో తేల్చుకోలేక అక్కడక్కడే తచ్చాడుతున్నాడు. "ఒక్క పంటే కదన్నయ్యా. అదృష్టం ఎప్పుడూ ఒకలా ఉండదు. ఈ కౌలు సంగతి..."

మామగారు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డారు. "బండి ఫుల్లు తమ్ముడూ. వెనకాల ఖాళీ బండి వస్తోంది, దాంట్లో రా" అని, రెండు రైట్లకి సరిపడా విజిల్ వేశారు.

ఖాళీ అయిందనుకున్న చెరువులో నీళ్ళు కదిలాయి. వలకి చిక్కని నాలుగైదు చేపలు మెట్ల దగ్గరికి వచ్చి నోళ్ళు తెరిచాయి. మామగారి చెయ్యి తనంతట తనే సంచీలోకి పోయింది. వెనక ఎక్కడి నుంచో రెండు పిల్లులు కూడా వచ్చి కూర్చున్నాయి.

వదిన తడి చీర పిండుకుంటూ ఆయన వంక చూసింది.

"తెలుసు, ఇవాళ ఆదివారం" అన్నారు మామగారు. సంచీలోంచి ఆమె గడియారం తీసి చేతికిచ్చారు. "ఊరికే పలకరిద్దామని పిలిచాను."